దసరా నెలలో పాత ఫ్రెండ్స్‌ని కలవాలంటే ఇలా ప్లాన్ చేయండి

ముందు వాట్సాప్ గ్రూప్‌లో "ఎప్పుడు కలుద్దాంరా" అని మాత్రం అడక్కండి, అందరూ థమ్సప్ బొమ్మ పెడతారు, ఒక్కడూ రాడు. ఒక్కొక్కడికీ ఫోన్ చేసి డేట్ చెప్పేయండి అంతే. మా విజయనగరంలో అయితే పైడితల్లమ్మ జాతరలో సిరిమాను (పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి చెట్టు మాను) తిరిగే రోజు పెట్టుకోండి, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, హైదరాబాద్‌లో ఉన్నోడూ బెంగళూర్లో ఉన్నోడూ ఆ రోజుకి ఎలాగోలా ఊళ్లో దిగిపోతాడు. కాకపోతే సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, ఆ జనంలో ఫోన్లు కలవవు, అందుకే మధ్యాహ్నమే ఎవరో ఒకరి ఇంట్లో చేరిపోండి, గంటస్తంభం దగ్గర కలుద్దాం అనుకున్నారో ఇంక దొరకరు (నేను ఓసారి రెండు గంటలు వెతికా).

తర్వాత ఆదివారాలకి చిన్న ట్రిప్‌లు చాలు. రామతీర్థం దగ్గరే, బైక్‌ల మీద పోవచ్చు. శ్రీకాకుళం బ్యాచ్ ఉంటే పొద్దున్నే అరసవల్లి, అక్కణ్నుంచి శ్రీకూర్మం, సాయంత్రం కళింగపట్నం బీచ్. ట్రైన్‌లో వచ్చేవాడికి స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుందని, దాని పేరే శ్రీకాకుళం రోడ్ అని ముందే చెప్పండి. ఖర్చంతా ఒకడే పెట్టి, ఆ రాత్రికే లెక్క తేల్చేయండి. పెళ్లయినోళ్లని వరసగా రెండు ఆదివారాలు పిలవకండి, మూడోసారి ఇంట్లోంచి కదలనివ్వరు.