మన ఫుట్‌బాల్ జట్టు ఊరు మారకముందే చేయాల్సిన పనులు

2025 జులైలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) నిర్వాహకులు ఆ సీజన్‌ని ప్రస్తుతానికి పక్కన పెడుతున్నామని చెప్పిన రోజు, బరంపురంలో మేం రోజూ కూర్చునే టీ కొట్టు దగ్గర అందరి నోటా ఒకటే ప్రశ్న: ఒడిశా ఎఫ్‌సీ ఉంటుందా, పోతుందా? ఎవరి దగ్గరా జవాబు లేదు. జవాబు ఎవరిని అడగాలో కూడా మాలో ఒక్కరికీ తెలీదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ తర్వాత నెలల తరబడి చదివి, అడిగి, తిరిగి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లకీ, సరిహద్దు దాటితే ఇచ్ఛాపురంలో ఉన్న అభిమానులకీ ఇది ఉపయోగపడాలి.

అసలు ఈ జట్టు మనకి ఎలా వచ్చింది? 2014 నుంచి ఢిల్లీలో ఆడిన ఢిల్లీ డైనమోస్ 2019లో ఒడిశా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని భువనేశ్వర్ వచ్చి, పేరు మార్చుకుని ఒడిశా ఎఫ్‌సీ అయింది. మనం పండగ చేసుకున్న రోజు ఢిల్లీలో ఎవరో జెర్సీ మడిచి బీరువాలో పెట్టుకున్నారు. అదే ఏడాది ఎఫ్‌సీ పుణె సిటీ అనే జట్టు మూతపడి ఆ స్థానం హైదరాబాద్‌కి వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది, మూడేళ్లు తిరిగేసరికి, 2025లో, ఆ జట్టు ఢిల్లీ వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. కప్పు గెలిచినా ఊరు మిగల్లేదు. మనకి వచ్చిన దారిలోనే మన జట్టు ఇంకో ఊరికి వెళ్లగలదు, ఆ దారి ఇంకా తెరిచే ఉంది.

అందుకే నేను గట్టిగా నమ్మేది ఇదీ: జట్టుని అభిమానం ఒక్కటే ఆపలేదు, ఒప్పందంలో రాసిన మాట ఆపుతుంది. ఆ మాట రాయించుకునే బలం మనకి జట్టు వెళ్తోందని ప్రకటన రాకముందే ఉంటుంది. వచ్చాక బ్యానర్లు పట్టుకోవడం తప్ప పెద్దగా ఏమీ మిగలదు.

మొదట ఏది ఎవరిదో తెలుసుకోండి. లీగ్‌లో ఆడే హక్కు యజమాని కంపెనీది. పేరు, లోగో కూడా మామూలుగా ఆ కంపెనీవే. జట్టు ఆడే భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియం మాత్రం ప్రభుత్వానిది, అంటే మన పన్నులతో నడిచేది. మనం చెయ్యి పెట్టగలిగింది అక్కడే. ప్రైవేటు కంపెనీని మీ లెక్కలు చూపించండి అని నిలదీసే హక్కు మనకి లేదు గానీ, ప్రభుత్వం ఆ కంపెనీతో రాసుకున్న ఒప్పందం చూపించమని అడిగే హక్కు సమాచార హక్కు చట్టం ఇచ్చింది. దాన్ని వాడుకోండి.

దరఖాస్తుకి ఫీజు పది రూపాయలే. ఒడిశాలో దానికి ఫారం 'ఎ' అని ఒక నమూనా ఉంది, గుర్తింపు కార్డు జిరాక్స్ కూడా జత చేయాలి. తెలుగులో రాయకండి, ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాయండి. రాష్ట్ర క్రీడల శాఖ సమాచార అధికారి పేరు మీద పంపండి. ప్రశ్నలు చిన్నగా, విడివిడిగా ఉండాలి. "జట్టు భవిష్యత్తు ఏమిటి" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది కాగితం మీద ఉన్న సమాచారం కాదు. ఒప్పందం నకలు అడగండి. అది ఏ తేదీ దాకా చెల్లుతుంది, మైదానం అద్దె ఎంత, లైట్లకీ భద్రతకీ డబ్బు ఎవరు కడుతున్నారు, మధ్యలో వదిలి వెళ్లాలంటే ఎన్ని నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఇవ్వకపోతే పరిహారం ఏమైనా ఉందా, ఈ ఐదూ అడిగితే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయొచ్చు. "వ్యాపార రహస్యం" అని సెక్షన్ 8(1)(డి) చూపించి తిప్పి పంపే అవకాశం ఉంది. కంగారు పడకండి, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని అదే సెక్షన్‌లో ఉంది. ప్రజల డబ్బు, ప్రజల మైదానం అని అప్పీల్లో రాయండి.

ఒప్పందం చేతికొచ్చాక ఏం వెతకాలో తెలియాలంటే అమెరికాలో బఫెలో ఊరి సంగతి తెలుసుకోవాలి. (వాళ్ల ఫుట్‌బాల్ బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తేది, కానీ జట్లు ఊళ్లు మారే జబ్బు అక్కడా ఇక్కడా ఒకటే.) అక్కడి బఫెలో బిల్స్ జట్టు స్టేడియం లీజులో, గడువు ముగియకుండా వెళ్లిపోతే 40 కోట్ల డాలర్లు కట్టాలి అని ఒక షరతు పెట్టారు. 2014లో పెద్దాయన యజమాని చనిపోయి జట్టు అమ్మకానికి వచ్చినప్పుడు, కొని వేరే నగరానికి తీసుకుపోదామనుకునే వాడెవడైనా ముందు ఆ అంకె చూడాల్సి వచ్చింది. చివరికి ఆ జట్టుని అక్కడే ఉంచే కుటుంబం 140 కోట్ల డాలర్లకి కొంది. ఒక్క షరతు చేసిన మేలు అది. మన ఒప్పందంలో అలాంటిది లేకపోతే, తర్వాత రెన్యూవల్ జరిగేటప్పుడు పెట్టించమని ఎమ్మెల్యేలని అడగాలి.

ఏం అడగాలో అమెరికాలోనే ఒహాయో రాష్ట్రం చట్టంలోనే రాసి పెట్టింది. అక్కడ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుని యజమాని బాల్టిమోర్ తీసుకుపోతున్నానని 1995 నవంబర్ 6న ప్రకటించాడు. ఆ దెబ్బ తిన్నాక 1996లో ఒక చట్టం తెచ్చారు: ప్రజల డబ్బు సాయంతో నడిచే మైదానంలో ఆడే జట్టు వెళ్లాలంటే 6 నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ లోపు స్థానికులకి కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. 2017 అక్టోబర్‌లో అదే రాష్ట్రంలోని కొలంబస్ క్రూ అనే (మనలా కాలితో ఆడే) ఫుట్‌బాల్ జట్టు యజమాని దాన్ని ఆస్టిన్ నగరానికి తరలించే ఆలోచన ఉందని బయటపెట్టినప్పుడు, రాష్ట్ర అటార్నీ జనరల్, నగరం కలిసి ఇదే చట్టంతో కోర్టుకి వెళ్లారు. మరోపక్క అభిమానులు వీధి వీధికీ తిరిగి దుకాణాల అద్దాలకి పోస్టర్లు అంటించారు, సీజన్ టికెట్లు కొంటామని మాట ఇచ్చేవాళ్ల జాబితా తయారుచేశారు. 2018 చివరికి స్థానిక కుటుంబాలు కొనడానికి ముందుకొచ్చాయి, జట్టు నిలిచింది, 2020లో, మళ్లీ 2023లో కప్పు గెలిచింది. కోర్టులో కేసు మాత్రమే ఉండి కొనేవాడు లేకపోతే ఏమయ్యేది? జనం మాత్రమే ఉండి చట్టం లేకపోతే? నాకైతే రెండూ కావాలనిపిస్తోంది. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆ మాటనే స్టేడియం ఒప్పందంలో షరతుగా పెట్టొచ్చు. దానితోపాటు ఇంకోటి అడగండి: జట్టు వెళ్లినా పేరు, రంగులు ఇక్కడే ఉండాలి. క్లీవ్‌లాండ్ అది సాధించింది. ఆటగాళ్లు వెళ్లారు గానీ పేరు, రంగులు, రికార్డులు ఆ ఊళ్లోనే మిగిలాయి, 1999లో అదే పేరుతో కొత్త జట్టు దిగింది. "ఒడిశా" అనే పేరు ఒక కంపెనీ ఆస్తిగా వేరే రాష్ట్రానికి పోవడమేంటి?

ఇవన్నీ అడగడానికి మీకో సంఘం ఉండాలి. ఇది మేం అనుభవం మీద నేర్చుకున్నాం. కొన్ని వందల సంతకాలు పట్టుకుని మేం నలుగురం ఒక ఆఫీసుకి వెళ్తే, కౌంటర్ దగ్గర ఉన్నాయన కాగితాలు తిరగేసి, "మీరెవరు? సంఘమా? నంబరుందా?" అన్నాడు. లేదన్నాం. అయితే అక్కడ పెట్టి వెళ్లండి అన్నాడు. అందినట్టు ముద్ర కూడా వేయలేదు. ఆ సంతకాలు ఎక్కడున్నాయో దేవుడికే తెలియాలి. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు ఉంటే సంఘం పెట్టుకోవచ్చు. నియమావళి, సభ్యుల పట్టిక, బ్యాంకు ఖాతా, రసీదు పుస్తకం ఉండాలి. లెక్కలు రాయడం మనకి కొత్త కాదు, ఠాకురాణి యాత్రకి వీధి కమిటీలు చందా వసూలు చేసి పైసాతో సహా రాసి చూపించడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్లమే. ఆ పద్ధతే ఇక్కడా పాటించండి. ఒడియా అభిమానుల్నీ కలుపుకోండి, ఇది భాషల పంచాయితీ కాదు.

మన తెలుగువాళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది. పట్టు చీరల కొట్టు నడిపే మా మామయ్య కూడా అదే అన్నాడు: "ఆ జట్టు భువనేశ్వర్ వాళ్లది, మనకెందుకురా?" "కళింగ స్టేడియం నడిచేది నువ్వు కట్టే పన్నుతో కూడా కదా మామయ్యా, పిల్లలు ఆడుకునేది ఇక్కడే కదా," అన్నాను. ఆయన ఏమీ అనలేదు గానీ తర్వాతి మ్యాచ్‌కి ఇద్దరు కొడుకుల టికెట్ డబ్బు పంపించాడు. భువనేశ్వర్ వాళ్లు అడిగితే అది ఒక ఊరి గోల, దక్షిణ జిల్లాలు కూడా అడిగితే రాష్ట్రం మాట. ఎమ్మెల్యేలకి ఆ తేడా బాగా తెలుసు.

ఇక అసలైన పని, సీట్లు నింపడం. 2024 జనవరి 28న సూపర్ కప్ ఫైనల్ కళింగలోనే జరిగింది, మనకీ ఈస్ట్ బెంగాల్‌కీ. ముందు ఏడాది కప్పు గెలిచినవాళ్లం మనం. అదనపు సమయంలో 3-2తో ఓడిపోయాం. ఓటమి కన్నా నాకు గుర్తుండిపోయింది గ్యాలరీ. మన సొంత మైదానంలో మా చుట్టూ ఎరుపు పసుపు జెండాలు, ఆ పాటల హోరులో మా డప్పు మాకే వినపడలేదు. కోల్‌కతా నుంచి వాళ్లు రాగలిగినప్పుడు, 170 కిలోమీటర్ల దూరంలో ఉన్న బరంపురం నుంచి మేం వచ్చింది ఒక చిన్న వ్యాను నిండా. జట్టు కొనాలనుకునే వ్యాపారి ముందు చూసేది ఆ గ్యాలరీనే.

బయటి జిల్లాల నుంచి జనం రాకపోవడానికి కారణం ఇష్టం లేక కాదు, తిరుగు ప్రయాణం. సాయంత్రం మ్యాచ్‌కి వెళ్లడం సులువు, పగలు బండ్లు బోలెడు. రాత్రి పది దాటాక స్టేడియం బయట ఆటో దొరక్క, బారాముండా బస్టాండ్‌కి చేరేసరికి సీట్లు నిండిపోయి, తెల్లవారి ఉద్యోగానికి వెళ్లాల్సినవాడు ఇంకోసారి రాడు. అందుకే మేం ఇప్పుడు బస్సే మాట్లాడుకుంటున్నాం. మనిషికింత అని ముందే తీసుకుంటాం, రానివాడి సీటు ఇంకొకరికి ఇస్తాం గానీ డబ్బు వెనక్కి ఇవ్వం, ఎందుకంటే ఖాళీ సీటుకి కూడా బస్సువాడికి కట్టాల్సిందే. ఛత్రపురం దగ్గర ఒక ఆగుడు, అక్కడివాళ్లు ఎక్కుతారు. పులిహోర పొట్లాలు ఇంటి నుంచే. ఆడపిల్లలు వచ్చినప్పుడు కనీసం ఇద్దరు పెద్దవాళ్ల కుటుంబాలు బస్సులో ఉండేలా చూస్తాం, అలా చెప్పాకే చాలా ఇళ్లలో ఒప్పుకున్నారు. తిరిగొచ్చేసరికి ఒంటిగంటో రెండో అవుతుంది, ఎవరినీ రోడ్డు మీద దింపి వదిలేయకుండా ఇళ్ల దాకా బైకుల మీద చేర్చే కుర్రాళ్లని ముందే పెట్టుకోండి.

ప్రతి ప్రయాణంలో ఒక రిజిస్టర్ ఉంచండి. పేరు, ఊరు, ఎన్ని టికెట్లు, అంతే. ఏడాది తిరిగాక ఆ రిజిస్టర్ చూపించి "దక్షిణ ఒడిశా నుంచి ఇన్ని టికెట్లు కొన్నాం" అని క్లబ్బుకీ, మంత్రికీ, రేపు కొనబోయే వాడికీ చెప్పొచ్చు. సంతకాల కన్నా కొన్న టికెట్ల లెక్కకి విలువ ఎక్కువ.

డబ్బు పోగుచేసి మనమే కొనేద్దాం అనే మాట కూడా వస్తుంది. అమెరికాలోని గ్రీన్ బే పేరు చెబుతారు. నిజమే, లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఆ ఊరి జట్టు ప్యాకర్స్‌కి ఐదు లక్షల మందికి పైగా వాటాదారులున్నారు, 1923 నుంచి అది ప్రజల జట్టే. లాభం పంచరు, వాటా అమ్ముకోవడం కుదరదు, ఎవరూ లాక్కుపోలేరు. కానీ మన దగ్గర ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో 200 మందికి మించి సభ్యులు ఉండకూడదు, ప్రజల నుంచి బహిరంగంగా వాటాల డబ్బు వసూలు చేయకూడదు. కాబట్టి వాట్సాప్‌లో "వాటా వెయ్యి రూపాయలు" అని ఎవరైనా పంపితే దయచేసి కట్టకండి. అంతకన్నా, ఇక్కడి వ్యాపారుల్లో స్పాన్సర్‌గా ముందుకొచ్చేవాళ్లని వెతకండి. చిన్న బోర్డు అయినా చాలు, జెర్సీ మీద పేరే ఉండక్కర్లేదు.

ఇంత చేసినా పోతే? లండన్‌లో వింబుల్డన్ జట్టుని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002 మే 28న అనుమతి వచ్చింది. అక్కడి అభిమానులు కొన్ని వారాల్లోనే పార్కులో ఆటగాళ్లని ఎంపిక చేసుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టారు, అట్టడుగు లీగ్‌ల నుంచి ఎక్కుతూ 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరారు, 2020లో ప్లౌ లేన్‌లో, తమ పాత వీధిలోనే, కొత్త మైదానం తెరిచారు. వాళ్లు అంత త్వరగా కదలగలిగింది, అప్పటికే సంఘం, సభ్యుల జాబితా చేతిలో ఉండబట్టి. మన రిజిస్టర్ అప్పుడూ పనికొస్తుంది.

ఈ వారం మొదలుపెట్టాలంటే ముందు ఫారం 'ఎ' నింపండి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, ఆధార్ జిరాక్స్, ఐదు ప్రశ్నలు. రిజిస్టర్ పోస్టులో పంపి, పోస్టాఫీసు రసీదు సంఘం ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకోండి.