బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక మొదటి ఆరు వారాలు ఇంట్లో ఎలా చూసుకోవాలి

స్లీవ్ అయినా బైపాస్ అయినా (ఇది గుండె బైపాస్ కాదు, రెండూ బరువు తగ్గడానికి జీర్ణాశయం మీద చేసేవే) ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది, మామూలుగా రెండు మూడు రోజుల్లో డిశ్చార్జ్ కూడా చేసేస్తారు, అసలు పని ఇంటికొచ్చాకే మొదలవుతుంది. మా అక్కకి హైదరాబాద్‌లో స్లీవ్ చేయించినప్పుడు పక్కనుండి చూసుకుంది నేనే, అందుకే పేషెంట్‌కే కాదు ఇంట్లో వాళ్లకి కూడా పనికొచ్చేలా రాస్తున్నా. ఒక్క మాట ముందే చెప్పేస్తా, ఈ ఆరు వారాలు వెయిట్ మెషిన్ జోలికి పోకండి. రోజూ లెక్క చూసుకోవాల్సినవి మూడే, నీళ్లు ఎన్ని తాగారు, ప్రోటీన్ ఎంత పడింది, ఎంత నడిచారు.

స్లీవ్‌లో జీర్ణాశయం దాదాపు 75-80 శాతం కోసి తీసేస్తారు, మిగిలేది సన్నటి గొట్టం, దాని పొడవునా స్టేపుల్స్ వేసి ఉంటాయి. బైపాస్‌లో అయితే జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి దాన్ని పేగుకి కలుపుతారు. బయట పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లే కనిపిస్తాయి కాబట్టి అందరూ తేలిగ్గా తీసుకుంటారు, కానీ లోపల ఆ అతుకు మానడానికి వారాలు పడుతుంది, మొదట్లో వాపు కూడా ఉంటుంది. ఆకలి లేకపోయినా ఏం పర్లేదు, నీళ్లు తగ్గితే మాత్రం కష్టం. ఇంటికొచ్చాక మళ్లీ హాస్పిటల్‌కి పరిగెత్తాల్సి రావడానికి డీహైడ్రేషన్ ఒక పెద్ద కారణం.

రోజుకి కనీసం లీటరున్నర లోపలికి వెళ్లాలి, కానీ ఒకేసారి గ్లాసెడు పట్టదు. మేం ఏం చేశామంటే సిరప్ బాటిల్‌తో వచ్చే 30 ఎం.ఎల్. ప్లాస్టిక్ కప్పు ఒకటి పెట్టుకున్నాం, పావుగంటకి ఒక కప్పు, అదీ ఒక్క గుక్కలో కాదు, చప్పరిస్తూ. గంటకి 120 ఎం.ఎల్., పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా పదమూడు గంటలేసుకుంటే లీటరున్నర దాటుతుంది. కాస్త తొందరపడి తాగితే అక్కకి రొమ్ము ఎముక వెనకాల గట్టిగా పట్టేసేది, నోరంతా నురగలాంటి ఉమ్మి ఊరేది, ఓ పది నిమిషాలు నిటారుగా కూర్చుని ఉమ్మేస్తుంటే తగ్గేది. అలా అయితే కంగారు పడకుండా ఆపేసి, తగ్గాక ఇంకా చిన్న గుక్కలతో మొదలుపెట్టండి. స్ట్రా వద్దు, సోడాలు కూల్‌డ్రింకులు అసలొద్దు, టీ కాఫీలు డాక్టర్ సరే అనేదాకా పక్కన పెట్టండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా నీళ్లు చాలట్లేదనే అర్థం.

తిండి సంగతికొస్తే, మొదటి ఒకటి రెండు రోజులు తేటగా ఉండేవే, అంటే నీళ్లు, వడకట్టిన కారం లేని చారు, పల్చటి మజ్జిగ తేట లాంటివి. తర్వాత రెండో వారం దాకా పాలు, మజ్జిగ, వడకట్టిన సూపు, ప్రోటీన్ పౌడర్ కలిపిన ద్రవాలు. మూడో వారం నుంచి మిక్సీలో మెత్తగా చేసినవి, ఆ తర్వాత మెత్తటి ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, మెత్తటి పనీర్, చేప, ఆరు వారాలు దాటాక నెమ్మదిగా మామూలు తిండి. మీ డైటీషియన్ ఇచ్చిన చార్ట్‌లో రోజులు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, అదే ఫాలో అవ్వండి, పక్కింటి వాళ్ల చార్ట్ కాదు. అన్నం, చపాతీ, బ్రెడ్ చాలామందికి మొదట్లో అడ్డం పడతాయి, వాటికి తొందరపడొద్దు. తింటూ నీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి.

ఇప్పుడు మన ఇళ్లల్లో వచ్చే అసలు గొడవ, పత్యం. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని పెద్దవాళ్లు గట్టిగా నమ్ముతారు, మా అమ్మమ్మ కూడా పప్పు, గుడ్డు రెండూ వద్దని పట్టుబట్టింది. నిజానికి గాయం మానాలంటే కావాల్సిందే ప్రోటీన్, రోజుకి కనీసం 60 గ్రాములు అని డాక్టర్లు చెప్తారు, ఆ పొట్టలో అంత ప్రోటీన్ పట్టించడమే పెద్ద పని. పెద్దవాళ్లతో వాదించే బదులు చెకప్‌కి ఒకసారి వెంట తీసుకెళ్లి డైటీషియన్ నోటితోనే చెప్పించండి, మా ఇంట్లో అలాగే తేలింది. ఇంకో సంగతి, పప్పు మీది తేట తాగితే ప్రోటీన్ వచ్చేస్తుందనుకుంటారు, ఆ తేటలో ఉండేది చాలా తక్కువ, అసలు సరుకు అడుగున గుజ్జులో ఉంటుంది. ద్రవాల స్టేజ్‌లో వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పౌడర్) లేకుండా 60 చేరడం చాలా కష్టం, తీపి వెగటు పుడితే రుచి లేని పౌడర్ తీసుకుని మజ్జిగలోనో గోరువెచ్చటి సూపులోనో కలపండి, మరీ వేడి వాటిలో వేస్తే ఉండలు కడుతుంది.

నడక ఆపరేషన్ రోజు సాయంత్రం నుంచో మర్నాటి నుంచో మొదలవుతుంది. కెమెరా ఆపరేషన్‌లో పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తారు, దానివల్ల భుజం నొప్పి వస్తుంది, కొన్ని రోజుల్లో తగ్గుతుంది, నడిస్తే హాయిగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే మంచం దిగాల్సిందే. హాల్లోనే గంటకోసారి ఐదు నిమిషాలు చాలు. ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు కదా, దాన్ని అటక మీద పడేయకుండా వాడండి, ఊదడం కాదు, లోపలికి పీల్చాలి, చాలామంది ఊదుతుంటారు. నాలుగు నుంచి ఆరు వారాలు బిందెలు, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లల్ని ఎత్తడం వద్దు.

మందుల్లో జాగ్రత్త చాలా అవసరం. షుగర్ ఉన్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత షుగర్ గబగబా తగ్గిపోతుంది, పాత డోసే వేసుకుంటే డౌన్ అయిపోయే ప్రమాదం ఉంది, బీపీ మందులకీ ఇదే మాట, అందుకే డిశ్చార్జ్ అప్పుడే ఏది ఆపాలి ఏది తగ్గించాలి అని రాయించుకోండి. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో బ్రూఫెన్, కాంబిఫ్లామ్, వోవెరాన్ కొని వేసుకోవద్దు, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకి అల్సర్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. కాల్షియం, ఐరన్ మాత్రలకి మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. విటమిన్లు ఈ ఆరు వారాలకే కాదు, జీవితాంతం.

మూడో వారం చుట్టుపక్కల బరువు కదలకుండా ఆగిపోతుంది, చాలామందికి అవుతుంది, భయపడొద్దు. మనసు కూడా బాగోదు, వంటింట్లోంచి పోపు వాసన వస్తుంటే అక్కకి కళ్లమ్మట నీళ్లొచ్చేసేవి, తిండి మీద ఆశ అని కాదు, ఇంట్లో అందరూ కలిసి కూర్చునే టైమ్‌లో తను ఒక్కతీ పక్కన ఉండిపోతుందని. మేం ఆ కప్పు తీసుకుని మాతోపాటే బల్ల దగ్గర కూర్చోమనేవాళ్లం. చూడ్డానికొచ్చిన వాళ్లు మొహం పీక్కుపోయిందే, ఒక్క ముద్ద తిను అంటారు, ఆ మాట పేషెంట్ దాకా వెళ్లకుండా ఇంట్లో వాళ్లే ఆపాలి. మూడు నాలుగు నెలలకి జుట్టు రాలడం మొదలవుతుంది, ప్రోటీన్, ఐరన్ సరిగ్గా ఉంటే మళ్లీ వస్తుంది. ఆడవాళ్లు గర్భం ఏడాది, ఏడాదిన్నర దాకా వాయిదా వేసుకోవాలి, బరువు తగ్గేకొద్దీ నెలసరి సర్దుకుని గర్భం తొందరగా వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఏ పద్ధతి వాడాలో ముందే డాక్టర్‌ని అడగండి.

ఇవి కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. కదలకుండా కూర్చున్నా నాడి 120 దాటి కొట్టుకోవడం, 101 దాటిన జ్వరం, పెరుగుతూ పోయే పొట్టనొప్పి, ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, నల్లటి విరేచనం, నీళ్లు కూడా నిలవకుండా వాంతులు. వాంతులు రోజుల తరబడి ఉంటే బీ1 విటమిన్ పడిపోయి నరాలకి, మెదడుకి దెబ్బ తగులుతుంది, గ్లూకోజ్ బాటిల్ ఎక్కించే ముందే థయమిన్ (అదే బీ1) ఇవ్వాలని అక్కడ గుర్తు చేయండి. మీకు ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లడం మంచిది, దూరమైతే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లి ముందుగా ఫలానా తేదీన స్లీవ్ అయింది లేదా బైపాస్ అయింది అని చెప్పండి, ముక్కులోంచి ట్యూబ్ వేసే ముందు మా సర్జన్‌తో ఒకసారి మాట్లాడండి అని అడగండి, డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో, సర్జన్ నంబర్ ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో ఉండాలి.