గోదావరి గట్ల మీద గ్రావెల్ సైకిల్

ధవళేశ్వరం నుంచి కాలువ గట్లు పట్టుకుని కోనసీమకు దిగడానికి గ్రావెల్ సైకిలుకి, అంటే మట్టి, కంకర దారుల్లో తొక్కే సైకిలుకి, 40 మి.మీ. వెడల్పు టైరు చాలు. మనిషి 70 కిలోలుంటే ముందు 32, వెనక 36 పీఎస్ఐ గాలి కొట్టండి. ట్యూబులుంటే ఇంకో 4 ఎక్కించాలి. లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్‌లో తుమ్మముల్లు దిగితే పీకేసి, చిల్లు కిందికొచ్చేలా చక్రం తిప్పి ఆపండి, టైరు లోపలుండే సీలెంట్ (చిల్లు మూసే ద్రవం) పూడ్చేస్తుంది.

అసలు తంటా ఒండ్రుమట్టితోనే. వాన పడ్డ మర్నాడు గట్టెక్కితే బంక టైరుకు చుట్టుకుని ఫోర్కు దగ్గర చక్రం బిగుసుకుపోతుంది. మొండిగా తొక్కారా, డీరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది. దిగి పుల్లతో గీకండి. ఆ రోజుకి తారురోడ్డే నయం.

మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే డిస్కు కాగిపోతుంది. మలుపుకు ముందే గట్టిగా పట్టి, వదిలేయండి.