టెక్ లైవ్ పాత లింకులు తీసి కొత్తవి పెట్టడం ఎలా?

పుస్తకాలు కంపోజ్ చేసే టెక్ ప్రోగ్రాముల మూటే టెక్ లైవ్. లినక్స్‌లో అది ఏటా కొత్త ఫోల్డర్‌లోకి దిగుతుంది. ఉదాహరణకు, పాతది /యూఎస్ఆర్/లోకల్/టెక్స్‌లైవ్/2023లో ఉంటే, పక్కనే 2024 వచ్చి కూర్చుంటుంది. తెలుగు పుస్తకం కంపోజ్ చేసే జీలాటెక్ లాంటి ప్రోగ్రాములన్నీ దాని బిన్ ఫోల్డర్‌లో లోతున ఉంటాయి. పేరు కొట్టగానే అవి పలకాలంటే /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో సింబాలిక్ లింకులు ఉంటే చాలు. లింకంటే చిరునామా రాసిన చీటీ. ఇల్లు కూల్చేసినా చీటీ మిగిలే ఉంటుంది. నేను ఓసారి పాత ఫోల్డర్‌ని ముందే చెరిపేసి ఆ చీటీలతో ఒక సాయంత్రమంతా తంటాలు పడ్డాను.

కింది కమాండ్లను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి.

ముందు, ఇప్పుడు ఏది పలుకుతోందో చూడండి (జీలాటెక్‌ని కొట్టేటప్పుడు ఎక్స్‌ఈలాటెక్స్ అని రాస్తాం):

విచ్ ఎక్స్‌ఈలాటెక్స్

జవాబు /యూఎస్ఆర్/బిన్‌లో ఉందని వస్తే, అది మీ డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన టెక్. దాని జోలికి వెళ్లొద్దు. /యూఎస్ఆర్/లోకల్/బిన్ అని వస్తే, ఆ దారికి ముందు 'రీడ్‌లింక్ -ఎఫ్' పెట్టి కొడితే ఏ ఏడాదిదో తేలుతుంది. చివర్లో జీటెక్ (ఎక్స్‌ఈటెక్స్) అని కనిపిస్తే టెన్షన్ వద్దు, లోపల జీలాటెక్ కూడా జీటెక్‌కి లింకే.

ఇప్పుడు పాత ఏడాది టీఎల్‌ఎంజీఆర్ (టెక్ లైవ్ నిర్వహణ టూల్)తోనే పాత లింకులు తీయండి:

సుడో <2023 బిన్ దారి>/టీఎల్‌ఎంజీఆర్ పాత్ రిమూవ్

బిన్ దారి అంటే పైన రీడ్‌లింక్ చూపిన దారిలో చివరి పేరు తీసేయగా మిగిలేది. దారి మొత్తం రాయడం చాదస్తం కాదు. తన ఫోల్డర్‌ని చూపే లింకులనే రిమూవ్ తీస్తుంది. 2024 టూల్‌ని పిలిస్తే 2023 చీటీలు అలాగే ఉండిపోతాయి.

తర్వాత కొత్తవి:

సుడో <2024 బిన్ దారి>/టీఎల్‌ఎంజీఆర్ పాత్ యాడ్

ప్రోగ్రాములతో పాటు మాన్ పేజీలకూ (కమాండ్ల సహాయ పేజీలకూ) లింకులు పడతాయి. టెర్మినల్ ఇంకా పాత దారే పట్టుకు వేలాడుతుంటే 'హాష్ -ఆర్' కొట్టండి, బాష్ (టెర్మినల్‌లో మీ కమాండ్లు అందుకునే ప్రోగ్రాం) తన జ్ఞాపకం చెరిపేసుకుంటుంది. అంతా సరిగ్గా పలికాకే 2023 ఫోల్డర్ తీసేయండి.

విండోస్‌లో ఇదే పాత్ యాడ్ లింకులు పెట్టదు, రిజిస్ట్రీలో పాత్‌ని (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాని) మారుస్తుంది. లినక్స్‌లోనైనా లాప్‌టాప్ మీ ఒక్కరిదే అయితే లింకుల కన్నా ప్రొఫైల్ ఫైల్‌లో పాత్‌కి ఒక వరుస కలపడమే సుఖం. పదిమంది వాడే ల్యాబ్ మెషీన్లకైతే లింకులే నయం.

నాలాగే ముందే చెరిపేశారా? దిక్కులేని లింకులు ఇలా బయటపడతాయి:

ఫైండ్ /యూఎస్ఆర్/లోకల్/బిన్ -ఎక్స్‌టైప్ ఎల్

జాబితా మొత్తం చదవండి. టెక్‌వి కాని లింకులు కూడా అందులో ఉండొచ్చు.