ప్లాస్టిక్ మానిఫోల్డ్‌కు వెల్డింగా? ముందు దాని మీది అక్షరాలు చదవండి

కారు ఇంజిన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (ఇంజిన్‌లోకి గాలిని చేరవేసే గొట్టాల భాగం) కొత్త వాక్యూమ్ గొట్టం అతికించాలన్నా, పగులు పూడ్చాలన్నా ముందుగా దాన్ని విప్పి, తిరగేసి చూడండి. ఎక్కడో ఒక మూల 'పీఏ6-జీఎఫ్30' వంటి ముద్ర ఉంటుంది. అంటే నైలాన్ 6, అందులో 30 శాతం గాజు పీచు. అతికే ముక్కా, వెల్డింగ్ కడ్డీ అదే రకానివి కావాలి. బంపర్లకు వాడే పాలీప్రొపిలీన్ కడ్డీ దీనికి అంటదు. పైకి అతికినట్టే కనిపించి, గోటితో లాగితే పెచ్చులా ఊడి వస్తుంది.

నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తడి కడ్డీని కరిగిస్తే బుసబుసమని నురగ వచ్చి, అతుకంతా బుడగలతో నిండుతుంది. అందుకే కడ్డీనీ, మానిఫోల్డ్‌నూ 80 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టండి. ఈ ఒక్క పనిని మాత్రం దయచేసి దాటవేయకండి.

లోపలి నూనె జిడ్డు పూర్తిగా పోవాలి. పగులు చివర్లలో చిన్న రంధ్రం వేసి, పొడవునా 'వి' ఆకారంలో గాడి తీయండి. కడ్డీతో పాటు గాడి అంచులు కూడా కరిగి కలవాలి. నైలాన్ 6 కరిగేది సుమారు 220 డిగ్రీల దగ్గర. ఫ్లాంజ్ (ఇంజిన్‌కు బిగించే చదునైన అంచు) వంకర పోకుండా చదునైన ఇనుప పలకకు బిగించి పని చేయండి. పొగ పీల్చకండి, తలుపులు తెరిచి ఉంచండి.

బిగించే ముందు లోపలి తురుమంతా కడిగేయండి, ఒక్క రేణువు కూడా ఇంజిన్‌లోకి పోకూడదు. దారులన్నీ మూసి, కొద్దిపాటి గాలి పంపి, అతుకు మీద సబ్బునీళ్లు రాయండి. బుడగ లేచిందంటే గాలి కారుతున్నట్టే, మళ్లీ గాడి తీయాల్సిందే.