పాత మిక్సర్ ఈక్యూ మోడ్: ఐసీల జోలికి తర్వాత, ముందు కెపాసిటర్ల సంగతి చూడండి

80ల్లో వచ్చిన బ్రిటిష్ మిక్సర్ ఏదైనా, సౌండ్‌క్రాఫ్టో స్టూడియోమాస్టరో అలెన్ అండ్ హీతో, సెకండ్ హ్యాండ్‌లో దొరగ్గానే మనవాళ్లు చేసే మొదటి పని లోపలున్న టీఎల్072 ఐసీలన్నీ (సిగ్నల్‌ని పెంచే ఆప్‌ఆంప్ చిప్‌లు) పీకేసి వాటి చోట ఎన్‌ఈ5532లు పెట్టేయడం. నన్నడిగితే అది మోడ్ (సర్క్యూట్‌లో మార్పు) కాదు, ఖర్చు. నాయిస్ కాస్త తగ్గుతుందేమో గానీ ఈక్యూ (ఈక్వలైజర్, అంటే బేస్, ట్రెబుల్ లాంటివి పెంచి తగ్గించే భాగం) క్యారెక్టర్ మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే అది ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత వెడల్పున పనిచేయాలో చెప్పేది ఐసీ చుట్టూ ఉన్న కెపాసిటర్లూ రెసిస్టర్లే.

మొదలెట్టే ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ సంపాదించండి, సర్క్యూట్ డయాగ్రం లేకుండా బోర్డు మీద చెయ్యి వేయొద్దు. ఒక్క ఛానల్ మాత్రమే మార్చండి, పక్కది ఒరిజినల్‌గా వదిలేస్తే పోల్చి వినొచ్చు. ఆ మారుస్తున్న ఛానల్‌లో ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లుంటే ముందు అవి మార్చాలి, 10 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ (ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి సిగ్నల్ పంపేది) 10కే (కిలో ఓమ్) లోడ్‌లోకి 1.6 హెర్ట్జ్ నుంచి కిందవి కట్ చేస్తుంది, అదే ఎండిపోయి 1 మైక్రో అయితే 16 హెర్ట్జ్‌కి ఎక్కేస్తుంది, అప్పుడు బేస్‌లో తేడా మోడ్ వల్లో ముసలితనం వల్లో తేలదు. పవర్ తీసేశాక సప్లై కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యేదాకా ఆగండి, ఫాంటమ్ (మైక్‌లకి కరెంటిచ్చే) 48 వోల్టుల లైన్ కూడా సున్నాకి వచ్చిందో లేదో మీటర్‌తో చూసుకోండి.

ఇక ఈక్యూ. పైనా కిందా ఉండే ట్రెబుల్, బేస్ నాబ్‌లు చాలా డెస్కుల్లో (మిక్సర్లలో) బ్యాక్సాండల్ పద్ధతి, పీటర్ బ్యాక్సాండల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ఇచ్చిన సర్క్యూట్ నుంచి వచ్చినదే. వాటిని పెద్దగా కదపక్కర్లేదు. మార్చి లాభం ఉన్నది మధ్యలో ఉండే స్వీప్ మిడ్, అంటే మధ్య ఫ్రీక్వెన్సీల్లో ఎక్కడ పనిచేయాలో నాబ్‌తో జరుపుకునే భాగం. ఎక్కువ డెస్కుల్లో ఇది వీన్ నెట్‌వర్క్: ఒకే షాఫ్ట్ మీద రెండు పాట్‌లు (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్లు), రెండు కెపాసిటర్లు, పాట్ పూర్తిగా తిప్పినప్పుడు సున్నా అయిపోకుండా ఆపే రెండు రెసిస్టర్లు.

లెక్క చూద్దాం. పాట్ 100కే, ఆపే రెసిస్టర్ 5కే, కెపాసిటర్ 3.3 నానోఫారడ్ అనుకోండి. ఫ్రీక్వెన్సీ అంటే 1 బై 2πఆర్‌సీ కాబట్టి కింద 459 హెర్ట్జ్, పైన 9.6 కిలోహెర్ట్జ్ వస్తుంది. పైన ఎలాగూ ట్రెబుల్ నాబ్ ఉంది, కానీ మగ గొంతులోనో కిక్ డ్రమ్‌లోనో డబ్బా మోతలా వినిపించే 250, 300 దగ్గర కట్ చేద్దామంటే నాబ్ అక్కడిదాకా పోనే పోదు. అందుకే కెపాసిటర్ విలువ పెంచుతాం. పాతది పీకక్కర్లేదు, బోర్డు వెనకవైపు అదే 3.3 నానో ఇంకోటి ప్యారలల్‌గా అతికించండి (పైన 332 అని రాసి ఉంటుంది), మొత్తం 6.6 అవుతుంది, రేంజ్ కరెక్ట్‌గా సగానికి దిగి 230 నుంచి 4.8 కిలోహెర్ట్జ్ అవుతుంది. ప్యానెల్ మీద నంబర్‌ని సగం చేసి చదువుకుంటే చాలు. నచ్చకపోతే రెండు జాయింట్లు విప్పేస్తే డెస్క్ మళ్లీ మామూలే.

కాకపోతే రెండు కెపాసిటర్లనీ సమానంగా పెంచాలి. ఒక్కటే పెంచితే ఫ్రీక్వెన్సీ సగానికి బదులు 0.7 వంతుకే దిగుతుంది, పైగా కర్వ్ వెడల్పూ బూస్ట్ ఎంతన్నదీ రెండూ మారిపోతాయి. కొందరు కావాలనే అలా చేసి క్యూ (ఆ వెడల్పుని చెప్పే కొలత) మార్చుకుంటారు, అది వేరే కథ. అతికించే ముందు కెపాసిటెన్స్ కొలిచే మీటర్‌తో ఓ పది కొలిచి దగ్గరగా ఉన్న జతలు ఏరండి. పాలీప్రొపిలీన్ ఫిల్మ్ గానీ సీ0జీ సిరామిక్ గానీ వాడండి. ఎక్స్7ఆర్ సిరామిక్ వద్దే వద్దు, వోల్టేజ్‌తో పాటు దాని విలువ కదులుతుంది, సరిగ్గా ఈక్యూలో అదే డిస్టార్షన్ అవుతుంది. ఈ విడిభాగాల కోసం హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో ఉంటే రిచీ స్ట్రీట్ ఓ రౌండ్ వేయండి. సోల్డరింగ్‌లో తొందరపడకండి, పాత బోర్డుల్లో ఎక్కువసేపు వేడి పెడితే ట్రాక్ లేచి వచ్చేస్తుంది.

ఇదంతా అయ్యాక కూడా ఐసీలు మార్చాలనిపిస్తే ముందు పవర్ సప్లై లెక్కేసుకోండి. టీఎల్072 సుమారు 2.8 మిల్లీయాంప్‌లు తాగుతుంది, ఎన్‌ఈ5532 అయితే 8. 24 ఛానళ్లు, ఛానల్‌కి నాలుగు ఐసీలంటే ఒక్కో రైల్ (ప్లస్, మైనస్ సప్లై లైన్) మీద అదనంగా అర యాంపియర్ భారం, పాత సప్లై దానికి సిద్ధంగా ఉండకపోవచ్చు. ఇంకోటి, 5532 ఇన్‌పుట్‌లో బయాస్ కరెంట్ (ఐసీ పనిచేయడానికి ఇన్‌పుట్ పిన్ను తీసుకునే చిన్న కరెంట్) మామూలుగా 200 నానోయాంప్‌లు ఉంటుంది, అది 100కే పాట్ గుండా వెళ్తే 20 మిల్లీవోల్టుల డీసీ, ఇక నాబ్ తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. స్వీప్ మిడ్ దగ్గర టీఎల్072నే ఉంచండి, లేదంటే ఓపీఏ2134 లాంటి ఫెట్ ఇన్‌పుట్ ఐసీ (బయాస్ కరెంట్ దాదాపు ఉండనిది) వేయండి, కరెంట్ తిండి మాత్రం దానిదీ 5532 అంతే. ఏది వేసినా ఐసీ కాళ్లకి దగ్గరగా సప్లై పిన్నుల మధ్య 100 నానోఫారడ్ ఉండాల్సిందే, లేకపోతే ఆసిలేట్ అయి వేడెక్కుతుంది.

చెవి మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఆర్‌ఈడబ్ల్యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్, మామూలు ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు, మార్చిన ఛానల్‌కీ మార్చని దానికీ స్వీప్ (కింది నుంచి పై ఫ్రీక్వెన్సీ దాకా జరిగే టెస్ట్ టోన్) పంపి గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. మిడ్ నాబ్ కింది చివర, పై చివర, మధ్యలో, ఫుల్ బూస్ట్‌లోనూ ఫుల్ కట్‌లోనూ తీయాలి. శిఖరం 230 దగ్గర రాకుండా ఏ 280 దగ్గరో వస్తే కెపాసిటర్లని అనుమానించకండి ముందే, పాట్ కొలవండి, 100కే అని రాసి ఉన్న పాత పాట్ 80కే చూపించడం మామూలే. బూస్ట్‌లో కర్వ్ ఒకలా కట్‌లో ఇంకోలా ఉంటే జాయింట్లు మళ్లీ చూడండి. ఇవన్నీ సరిపోయాకే మిగతా ఛానళ్లు, అదీ అన్నీ అక్కర్లేదు, గొంతుకీ డ్రమ్స్‌కీ వాడే నాలుగో ఆరో మార్చి మిగతావి ఒరిజినల్‌గా ఉంచుకుంటే రెండు రకాల ఈక్యూలు ఒకే డెస్క్‌లో దొరుకుతాయి.