ఇంట్లో ఫౌజీ పెద్దాయన ఉంటే ఆయన సర్వీసు కథ ఇలా రాసిపెట్టుకోండి

మా నాన్నగారు బ్రిగేడియర్‌గా రిటైరై సైనిక్‌పురిలో స్థిరపడ్డారు. ఇప్పుడు డెబ్బయ్యారేళ్లు. నేను ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి "యుద్ధం గురించి చెప్పండి నాన్నా" అంటే, "ఏముందమ్మా, వెళ్లాం, వచ్చాం" అని లేచి మొక్కలకు నీళ్లు పట్టడానికి వెళ్లిపోయారు. అందుకే చెప్తున్నాను, యుద్ధంతో మొదలుపెట్టకండి. ట్రంకు పెట్టెతో మొదలుపెట్టండి.

మూత మీద తెల్ల పెయింటుతో పేరు, ర్యాంకు, యూనిట్ రాసి ఉండే నల్ల ఇనప పెట్టె. మాది తడిగుడ్డతో తుడిచి ఎండకు ఏటవాలుగా పెడితే 'కల్నల్' కింద 'మేజర్', దాని కింద 'కెప్టెన్' ఉబ్బెత్తుగా కనిపించాయి. ఒక్కోదాని మీద వేలు పెట్టి "ఇది ఎక్కడ రాయించారు?" అన్నాను. అంతే, రెండు గంటలు మాట్లాడారు. రాసిన పెయింటరు, ఎక్కిన రైలు, ఆ క్వార్టర్లో వానకు కారిన కప్పు, అన్నీ వచ్చాయి.

తర్వాత మెడల్స్. ఛాతీ మధ్యకు దగ్గరగా ఉన్నదే హోదాలో పెద్దది, అక్కణ్నుంచి భుజం వైపు చదువుకుంటూ పోవాలి. 1971లో పడమటి సరిహద్దులో ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్, తూర్పున ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్ ఇచ్చారు. నాన్నగారిది పశ్చిమీ. అప్పటికి సెకండ్ లెఫ్టినెంట్. డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ) నుంచి బయటికొచ్చి ఆర్నెల్లే.

ఉత్తరాలు కొంచెం కష్టం. ఫీల్డ్ పోస్టింగ్ నుంచి వచ్చిన కవరు మీద '56 ఏపీఓ' లాంటి ఆర్మీ పోస్టాఫీసు నంబరు ఉంటుంది, ఊరి పేరు ఉండదు. తేదీలవారీగా పేర్చి ఆయన నోటే చెప్పించుకోవాలి. అమ్మను తప్పకుండా పక్కన కూర్చోబెట్టండి. ఆయన ఫీల్డ్‌లో ఉన్నప్పుడు తిరుమలగిరిలో మమ్మల్ని ఒక్కతే పెంచింది, లెక్కలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. నాకు కామెర్లు వచ్చిన వేసవి చెప్పింది. దాంతో నాన్నగారు లేహ్ వెళ్లిన ఏడాది తేలింది.

తేదీ లేని ఫోటోల్లో కాలర్ చూడండి. ఎర్ర పట్టీలు ఉంటే కల్నల్ లేదా ఆ పైన. తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, మన సికింద్రాబాద్‌లోని కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ లాంటి చోట్ల కోర్సులు చేసి ఉంటే గ్రూప్ ఫోటోలు దొరుకుతాయి. కింద పేర్లుంటే ఒక్కొక్కటే చదవండి, ఏదో ఒక పేరు దగ్గర ఆగిపోతారు.

పోయిన జవాన్ల గురించి మాత్రం ఆయనంతట ఆయన ఎత్తేదాకా అడగొద్దు. ఎత్తినరోజు పేరు, ఊరు తప్పులేకుండా రాసుకోండి. రికార్డర్ కట్టేయమంటే కట్టేయండి.

రాసింది మొత్తం ఆయనకు చదివి వినిపించాకే ప్రింటు తీయించండి. నాన్నగారు కళ్లు మూసుకుని విని, నాలుగుచోట్ల ఆపారు. నాలుగుచోట్లా 'నేను' తీసేసి 'మా కంపెనీ' (అంటే ఆయనున్న సైనిక దళం) అని పెట్టమన్నారు. మార్చాను.